ఆంగ్ల వచనంలో లయ: జాన్సన్ వాక్యం దగ్గర ఆగిపోయిన అనువాదం

అనువాదశ్రమ (చర్చ ప్రారంభించిన సభ్యులు)

సభ్యులందరికీ నమస్కారం. పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్ల లేఖలు కొన్నింటిని తెలుగులోకి తెచ్చే పనిలో రెండు నెలలుగా ఉన్నాను. శామ్యూల్ జాన్సన్ 1755 ఫిబ్రవరి 7న చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు రాసిన ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి బండి నిలిచిపోయింది. సందర్భం చాలామందికి తెలిసే ఉంటుంది. తాను కూర్చబోయే ఆంగ్ల నిఘంటువు ప్రణాళికను 1747లో జాన్సన్ ఆ ప్రభువు పేరిటే వెలువరించాడు. ఆ ప్రభువు ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. తీరా నిఘంటువు అచ్చై వస్తుందనగా ఒక పత్రికలో దాన్ని పొగుడుతూ రెండు వ్యాసాలు రాశాడు. దానికి జవాబుగా వెళ్లిన ఉత్తరంలోని వాక్యం ఇది:

"ది నోటిస్ విచ్ యూ హ్యావ్ బీన్ ప్లీజ్డ్ టు టేక్ ఆఫ్ మై లేబర్స్, హ్యాడ్ ఇట్ బీన్ ఎర్లీ, హ్యాడ్ బీన్ కైండ్, బట్ ఇట్ హ్యాజ్ బీన్ డిలేడ్ టిల్ ఐ యామ్ ఇన్‌డిఫరెంట్, అండ్ కెనాట్ ఎంజాయ్ ఇట్, టిల్ ఐ యామ్ సాలిటరీ, అండ్ కెనాట్ ఇంపార్ట్ ఇట్, టిల్ ఐ యామ్ నోన్, అండ్ డూ నాట్ వాంట్ ఇట్."

నేను చేసిన అనువాదం: "నా శ్రమకు తమరు దయతో ఇచ్చిన ఈ గుర్తింపు ముందే వచ్చి ఉంటే దయగా ఉండేది, కానీ నేను ఉదాసీనుడినై దానిని ఆనందించలేనంత వరకు, ఒంటరినై దానిని పంచుకోలేనంత వరకు, ప్రసిద్ధుడినై అది అవసరం లేనంత వరకు అది ఆలస్యమైంది."

అర్థం ఎక్కడా తప్పలేదు. అయినా మూలం చదివినప్పుడు చెంప మీద మూడు దెబ్బలు వరసగా పడినట్టుంటుంది, నా వాక్యం చదివితే రెవెన్యూ ఆఫీసు నోటీసులా ఉంటుంది. పోయింది లయ అని మాత్రం తెలుస్తోంది. పద్యానికి లయ ఉంటుందంటే గణాలు చూపించగలం. వచనానికి, అందులోనూ ఆంగ్ల వచనానికి లయ ఎక్కడ ఉంటుంది, అది ఎలా ఏర్పడుతూ వచ్చింది అన్నది తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతపుస్తకాల అంగడి

మంచి చోటే ఆగారు. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు ఈ ఉత్తరం పాఠంగా చెప్పినవాణ్ణి కాబట్టి కొంత రాయగలను.

ఈ విషయం మీద ఇప్పటికీ అందరూ మొదట తీసే పుస్తకం ఎడిన్‌బరో ఆచార్యుడు జార్జి సెయింట్స్‌బరీ 1912లో వెలువరించిన ఆంగ్ల వచన లయ చరిత్ర. ఆయన పాత ఆంగ్లం నుంచి తన కాలం దాకా వచన ఖండికలను తీసుకుని, పద్యపాదాలను విరిచినట్టుగానే గణాలుగా విరిచి చూపించాడు. ఆయన గణవిభజనను ఒప్పుకోని వారు చాలామంది ఉన్నారు, నేనూ సగమే ఒప్పుకుంటాను. కానీ వచనాన్ని చెవితో చదవాలని అంత పట్టుదలగా చెప్పినవారు ఆయనకు ముందు తక్కువ.

ఆరంభం ఎక్కడంటే, చర్చి ఉపన్యాస వేదిక దగ్గర. వెయ్యేళ్ల కిందట ఆల్‌ఫ్రిక్ అనే మఠాధిపతి సాధువుల చరిత్రలను వచనంలోనే రాస్తూ, పాత ఆంగ్ల పద్యంలోని హల్లుల పునరుక్తిని, రెండేసి ఊనికల (బలంగా పలికే అక్షరాల) పదబంధాలను వచనంలోకి దింపాడు. అది పద్యం కాదు, అలాగని మాట్లాడుకునే మాటా కాదు. అదే కాలంలో యార్క్ ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టన్ డేనుల దాడులతో అల్లాడుతున్న జనాన్ని ఉద్దేశించి 1014 ప్రాంతంలో చేసిన ప్రసంగంలో రెండు దెబ్బల చిన్న చిన్న ముక్కలను సమ్మెటపోట్లలా వరసగా వేసుకుంటూ పోతాడు. చదువురాని వందమంది నిలబడి వింటుంటే, వెనక వరసలో ఉన్నవాడికి కూడా మాట అందాలి, అందినది గుర్తుండాలి. లయ అవసరం అక్కడ పుట్టింది. అందం కోసం అని తరవాతివాళ్లు అనుకున్నారు.

ధ్వనిగ్రాహకం

అంగడి గారు చెప్పినదానితో పేచీ లేదు కానీ, ముందుగా ఒక హెచ్చరిక చేయడం మంచిది. మనం తెలుగు చెవితో ఆంగ్ల వచనాన్ని వింటే అందులోని లయ మనకు వినపడదు. నేను ధ్వనిశాస్త్రం చదువుకున్న రోజుల్లో మాకు మొదటి వారం చేయించిన అభ్యాసం ఇది: "ఫొటోగ్రాఫ్" అనండి, వెంటనే "ఫొటోగ్రఫీ" అనండి. తెలుగువాళ్లం రెండింటిలోనూ "ఫొటో"ను ఒకేలా పలుకుతాం. ఆంగ్లేయుడు మొదటి మాటలో "ఫో" మీద బలం వేస్తాడు. రెండో మాటలో ఆ "ఫో" మిణుకుమని ఆరిపోతుంది, బలం "టా" మీదికి వెళుతుంది. ఆ బలాన్నే ఊనిక అంటున్నాం. మన లయ అక్షరం పలకడానికి పట్టే కాలం మీద ఆధారపడింది, వాళ్ల లయ ఊనిక మీద ఆధారపడింది.

భాషాశాస్త్రవేత్త కెనెత్ పైక్ 1945లో ఆంగ్లాన్ని ఊనికల లెక్కన నడిచే భాష అన్నాడు. ఊనికకూ ఊనికకూ మధ్య సమాన కాలం ఉంటుందని ఒక నమ్మకం బలపడింది. తరవాత యంత్రాలతో కొలిచి చూస్తే ఆ సమానత్వం కచ్చితంగా ఎక్కడా దొరకలేదు. అంటే లయ ఉన్నది, గడియారంలా మాత్రం లేదు. వచన లయ గురించి రాసే చాలామంది తమ చదువులోని సొంత విరుపులను రచయిత మీద రుద్దుతారన్న అనుమానం నాకు అందుకే ఉంది.

యతిప్రాస

ఛందస్సు నా వ్యసనం కనుక ఒక ప్రయోగం చేశాను. బైబిలు ఆదికాండంలోని ప్రసిద్ధ వాక్యం తీసుకున్నాను: "అండ్ గాడ్ సెడ్, లెట్ దేర్ బీ లైట్." మన పద్ధతిలో గురులఘువులు గుర్తిస్తే ఏడూ గురువులే! ఇంకొక్క గురువు ఉంటే విద్యున్మాల పాదమయ్యేది. ఆంగ్ల రాజుగారి బైబిలు ఇంత బరువుగా నడుస్తుందని నాకు ఇంతకాలం తెలియదు.

ధ్వనిగ్రాహకం

యతిప్రాస గారూ, నేను భయపడ్డది సరిగ్గా దీనికే. హల్లుతో ఆగిన ప్రతి మాటనూ మనం గురువు చేసేస్తాం. ఆంగ్లేయుడి నోట "అండ్" దాదాపు మాయమవుతుంది, "దేర్ బీ" రెండూ చప్పున జారిపోతాయి. బలంగా నిలబడేవి "గాడ్", కొంత "సెడ్", కొంత "లెట్", ఆ తరవాత పూర్తిగా "లైట్". వాక్యం రెండో సగం కూడా కలిపి చదవండి: "అండ్ దేర్ వాజ్ లైట్." మళ్లీ అన్నీ జారిపోయి చివరి మాట మీదే బలం పడుతుంది. మొత్తం పదకొండు మాటలు, పదకొండూ ఏకాక్షరాలు. ఆజ్ఞ "లైట్" మీద ముగిసింది, దాని నెరవేర్పూ "లైట్" మీదే ముగిసింది.

పాతపుస్తకాల అంగడి

ఆ వాక్యం ఎత్తారు కనుక ఒక సంగతి. దీన్ని 1611 నాటి రాజు జేమ్స్ బైబిలు పండితుల ప్రతిభగా చెప్పడం అలవాటైపోయింది. దాదాపు యాభైమంది పండితులు వెస్ట్‌మినిస్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆరు బృందాలుగా కూర్చుని చేసిన పని అది, తక్కువ పని కాదు. కానీ "లెట్ దేర్ బీ లైట్" అన్న నడక 1530లో విలియం టిండేల్ ఒంటరిగా, దేశం విడిచి, పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసి రాసినది. ఆయన ఆదికాండంలో ఆ మాటలు అలాగే ఉన్నాయి. 1536లో బ్రసెల్స్ దగ్గర ఆయనను చంపి, శవాన్ని తగలబెట్టారు. ఆయన కొత్త నిబంధనలోని వాక్యాలను ఆ తరవాతి పండితులు చాలావరకు అలాగే ఉంచుకున్నారు.

టిండేల్ చేసిన పెద్ద పని "అండ్"ను వదలకపోవడం. హీబ్రూ కథనంలో వాక్యం తరవాత వాక్యం "వ" అనే చిన్న సముచ్చయంతో, అంటే "మరియు" లాంటి మాటతో, మొదలవుతుంది. లాటిన్ చదువుకున్నవాడు దాన్ని "అప్పుడు", "అందువల్ల", "అయినప్పటికీ" అని విడదీసి, వాక్యాలను ఒకదాని కింద ఒకటి పేర్చాలని చూస్తాడు. టిండేల్ చాలా చోట్ల "అండ్" "అండ్" అంటూ పక్కపక్కనే పేర్చాడు. 1611 పండితులు ఇంకా ముందుకు వెళ్లారు. సరదాకి చెబుతున్నాను, టిండేల్ ఈ ఒక్క వాక్యాన్ని "అప్పుడు" అనే అర్థమిచ్చే మాటతో మొదలుపెడితే, 1611 వారు అక్కడ కూడా "అండ్" పెట్టారు. మన తెలుగు బైబిలులో ఇదే వాక్యం "దేవుడు వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను" అని ఉంది. "పలుకగా" అన్న ఒక్క అసమాపక రూపంతో తెలుగు రెండు వాక్యాలనూ ముడివేసింది. ఆంగ్లంలో మధ్యన ఉన్న ఆగడం ఇక్కడ లేదు. రెండూ బాగున్నాయి, రెండూ వేరు.

నార్విచ్ వాసి

ఇంగ్లండులోని నార్విచ్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, సాహిత్య విద్యార్థిని కాను, మతరీత్యా క్రైస్తవుణ్ణీ కాను. కాకపోతే ఇక్కడి కెథెడ్రల్‌లో సాయంకాల ప్రార్థన జరిగేటప్పుడు వెనక బల్ల మీద కూర్చుని వినడం అలవాటైంది. చెవికి సంబంధించిన సంగతి కాబట్టి రాస్తున్నాను.

అక్కడ చదివేది థామస్ క్రాన్మర్ 1549లో కూర్చిన ప్రార్థన గ్రంథం నుంచి వచ్చినది, 1662 నాటి పాఠం. కీర్తనల పుటలలో ప్రతి చరణం మధ్యనా ఒక కోలన్ ఉంటుంది. మొదట అది వ్యాకరణ చిహ్నం అనుకుని, అర్థం అక్కడ తెగడం లేదే అని తికమకపడ్డాను. అది పాడేవారు ఊపిరి తీసుకోవడానికి పెట్టిన గుర్తు. గాయకులు ఆ కోలన్ దగ్గర ఆగితే గుడి అంతా ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది, ఆ నిశ్శబ్దం కూడా లయలో భాగమే.

రెండో సంగతి ప్రార్థనల ముగింపులది. "హెల్ప్ అండ్ డిఫెండ్ అజ్" అని ఒకటి ముగుస్తుంది. "గవర్న్‌డ్ అండ్ శాంక్టిఫైడ్" అని ఇంకో ప్రార్థన మధ్యలో ఒక ముక్క ముగుస్తుంది. వేళ్లతో తాళం వేసి చూశాను. మొదటిదానిలో ఒక దెబ్బ, రెండు తేలిక అక్షరాలు, మళ్లీ దెబ్బ, ఒక తేలిక. రెండోదానిలో చివర ఇంకో తేలిక అక్షరం ఎక్కువ. దీనికి పేరేమైనా ఉందా?

పాతపుస్తకాల అంగడి

ఉంది, మీ చెవికి దణ్ణం పెట్టాలి. మధ్యయుగాలలో పోపు కార్యాలయం నుంచి వెళ్లే లాటిన్ పత్రాలలో వాక్యాంతాలు ఎలా ఉండాలో నియమాలు ఉండేవి. ఆ పద్ధతిని కర్సస్ అనేవారు, అంటే పరుగు. ముఖ్యమైనవి మూడు: ప్లానస్, టార్డస్, వెలాక్స్. మీరు చెప్పిన మొదటిది ప్లానస్ అచ్చు, రెండోది టార్డస్. క్రాన్మర్ అనువదించిన చిన్న ప్రార్థనలలో చాలావాటికి మూలాలు లాటిన్‌లో ఉన్నాయి. ఆయన నియమం పెట్టుకుని ఈ అచ్చులు దింపాడా, లేక జీవితమంతా లాటిన్ ప్రార్థనలు విన్న చెవి తనంతట తానే అలా ముగించిందా అన్నది పండితుల మధ్య తగవు. మోరిస్ క్రోల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1919లో దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. నా మటుకు చెవి అన్న మాటే నమ్ముతాను.

మీ ఊళ్లో ఇంకొకాయన ఉన్నాడు, చూసే ఉంటారు.

నార్విచ్ వాసి

థామస్ బ్రౌన్ గారేగా? హేమార్కెట్‌లో ఆయన విగ్రహం 1905 నుంచీ ఉంది, చేతిలో కుండపెంకు పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుని ఉంటాడు. ఈ ఊళ్లో వైద్యం చేసుకుంటూ బతికినవాడు. దగ్గరలోని పొలంలో అస్థికల కుండలు బయటపడితే, వాటి మీద 1658లో చిన్న పుస్తకం వెలువరించాడు. ఈ చర్చ చదివాక నిన్న రాత్రి దాన్ని తీసి వాక్యాంతాలు చూశాను. మనిషి గొప్ప జంతువు అని మొదలుపెట్టి, "స్ప్లెండిడ్ ఇన్ ఆషెజ్, అండ్ పాంపస్ ఇన్ ది గ్రేవ్" అంటాడు. "స్ప్లెండిడ్ ఇన్ ఆషెజ్" అన్నది "హెల్ప్ అండ్ డిఫెండ్ అజ్" తాళమే! దెబ్బ, తేలిక, తేలిక, దెబ్బ, తేలిక. అర్ధరాత్రి ఇంట్లో బల్ల మీద వేళ్లతో కొట్టుకుంటుంటే మా ఆవిడ లేచి వచ్చి చూసి వెళ్లింది.

పాతపుస్తకాల అంగడి

బ్రౌన్ గురించి రాయడం మొదలుపెడితే నాకు పూట గడిచిపోతుంది కాబట్టి ఒక్కటే చెబుతాను. ఆంగ్లానికి రెండు పదకోశాలు ఉన్నాయి: నేలలో పుట్టిన పొట్టి మాటలు, లాటిన్ నుంచి వచ్చిన పొడుగు మాటలు. మనకు అచ్చతెనుగూ తత్సమాలూ ఉన్నట్టే. ఆ ఎముకలు మూడు దండయాత్రల "డ్రమ్స్ అండ్ ట్రాంప్లింగ్స్" కింద ప్రశాంతంగా పడి ఉన్నాయంటాడు. "డ్రమ్స్", "ట్రాంప్లింగ్స్" నేల మీద అడుగుల చప్పుడు చేస్తాయి, ఆ వెంటనే "థ్రీ కాంక్వెస్ట్స్" అన్నచోట ఊనికలు పక్కపక్కనే పడి నడక ఆగిపోతుంది. పొట్టి మాటా పొడుగు మాటా ఎక్కడ మార్చాలో తెలియడమే ఆంగ్ల వచనకారుడి తాళజ్ఞానంలో సగం.

కామా

నేను పత్రికా డెస్కులో పనిచేస్తాను, వాక్యాలు కత్తిరించడం నా వృత్తి. అందరూ పొడుగు వాక్యాలనూ గుడి ప్రార్థనలనూ పొగుడుతున్నారు. కానీ చివరికి గెలిచింది పొట్టి వాక్యమే కదా? లయ పెరుగుతూ వచ్చిందా, తరుగుతూ వచ్చిందా?

ధ్వనిగ్రాహకం

లెక్కలైతే ఉన్నాయి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఎల్. ఎ. షెర్మన్ అనే ఆచార్యుడు వాక్యాలలోని మాటలను ఓపికగా లెక్కపెట్టి 1893లో ప్రకటించాడు. ఎలిజబెత్ రాణికి ముందు సగటు వాక్యంలో 50 మాటల ప్రాంతం ఉంటే, ఆయన కాలానికి 23కు దిగింది. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. పాత అచ్చులో పూర్ణవిరామం ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటి లెక్క కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో గట్టిగా చదవడం నేర్పే పుస్తకాలు కామా దగ్గర ఒకటి, సెమికోలన్ దగ్గర రెండు, కోలన్ దగ్గర మూడు, పూర్ణవిరామం దగ్గర నాలుగు లెక్కపెట్టేంత సేపు ఆగమని చెప్పేవి. విరామ చిహ్నాలు అప్పుడు ఊపిరికి గుర్తులు, ఆ తరవాతే వ్యాకరణానికి గుర్తులయ్యాయి. కాబట్టి మనం ఒక వాక్యం అని లెక్కపెట్టేది వాళ్లకు నాలుగు ఊపిరులు.

పాతపుస్తకాల అంగడి

కామా గారి ప్రశ్న న్యాయమైనదే. గెలుపోటముల కథ మాత్రం సూటిగా లేదు. 1578లో జాన్ లిలీ రాసిన యూఫ్యూస్ అనే కథతో ఒక వెర్రి మొదలైంది. ముక్కకు ముక్క, అక్షరానికి అక్షరం తూచినట్టు సరిపోవాలి, తొలి హల్లులు కలవాలి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే షేక్‌స్పియర్ ఒక చారిత్రక నాటకంలో ఫాల్‌స్టాఫ్ చేత దాన్ని వెక్కిరించాడు: చామంతి జాతి మొక్కను ఎంత తొక్కితే అంత ఏపుగా పెరుగుతుంది, యౌవనాన్ని ఎంత దుబారా చేస్తే అంత త్వరగా అరుగుతుంది అని. తూకం పేరుతో తక్కెడే కనిపిస్తే జనం నవ్వుతారు. 1597లో బేకన్ పది చిన్న వ్యాసాలతో దానికి పూర్తిగా ఎదురుదారి పట్టాడు. "రీడింగ్ మేకెత్ ఎ ఫుల్ మ్యాన్, కాన్ఫరెన్స్ ఎ రెడీ మ్యాన్, అండ్ రైటింగ్ ఎన్ ఎగ్జాక్ట్ మ్యాన్" అంటాడు. క్రియ ఒక్కసారే వచ్చింది, మిగతా రెండుసార్లూ మింగేశాడు. సామెతలా తెగ్గొట్టిన నడక అది.

1660లో రాయల్ సొసైటీ అనే శాస్త్రజ్ఞుల సంఘం ఏర్పడింది. 1667లో దాని చరిత్ర రాసిన థామస్ స్ప్రాట్, పండితుల భాష కన్నా చేతివృత్తులవారు, పల్లెవారు, వర్తకులు మాట్లాడే భాషే తమ సభ్యులకు మేలని రాశాడు. ప్రయోగం చేసినవాడు ఏం చూశాడో చెప్పాలి, గంట కొట్టనక్కరలేదు. అక్కడి నుంచి కవి డ్రైడెన్, ఆ తరవాత 1711లో రోజూ ఉదయం కాఫీ హౌసుకు వెళ్లే స్పెక్టేటర్ పత్రిక, ఇలా ఆంగ్ల వచనం వేదిక దిగి కుర్చీలో కూర్చుని మాట్లాడడం నేర్చుకుంది.

అయితే కూర్చున్నది మళ్లీ లేచింది, లేపినవాడు జాన్సన్. 1750 నుంచి 1752 దాకా వారానికి రెండుసార్లు చొప్పున రాంబ్లర్ అనే పత్రికలో వ్యాసాలు 208 వచ్చాయి, కొద్ది మినహా అన్నీ ఆయనవే. లిలీ తక్కెడనే తీసుకున్నాడు, అయితే అందులో శబ్దానికి బదులు ఆలోచనను పెట్టి తూచాడు. ఆ తరవాత చరిత్రకారుడు గిబ్బన్ రోమన్ చరిత్రను 1776 నుంచి 1788 దాకా ఆరు సంపుటాలుగా రాస్తూ, పొడుగు పేరాను మొత్తంగా ఒకే మూసలో పోసి, చెవితో పరీక్షించి, జ్ఞాపకంలో దాచుకుని, మెరుగు పూర్తయ్యేదాకా కలం కదపకపోవడం తన అలవాటని ఆత్మకథలో చెప్పుకున్నాడు. మన అవధానులు పద్యానికి చేసే పని ఆయన వచనానికి చేశాడన్న మాట.

యతిప్రాస

అవధానం అన్నారు కాబట్టి మళ్లీ వచ్చాను, ఈసారి జాగ్రత్తగా. సంస్కృత ఆలంకారికుడు వామనుడు కావ్యాలంకార సూత్రాలలో గద్యాన్ని మూడు రకాలన్నాడు: వృత్తగంధి, చూర్ణం, ఉత్కలికాప్రాయం. వృత్తగంధి అంటే వచనమే అయినా పద్యపు వాసన వేసేది. ఆంగ్లంలో అలాంటిది ఉందా, ఉంటే దాన్ని గుణంగా చూస్తారా, దోషంగానా?

పాతపుస్తకాల అంగడి

ఉంది, ఎక్కువగా దోషంగానే చూశారు. డికెన్స్ 1840, 41లలో వారం వారం వెలువరించిన ఓల్డ్ క్యూరియాసిటీ షాప్ నవలలో చిన్నారి నెల్ చనిపోయిన ఘట్టం చూడండి. "షీ వాజ్ డెడ్" అని పొడిగా మొదలై, వెంటనే "డియర్, జెంటిల్, పేషెంట్, నోబుల్ నెల్ వాజ్ డెడ్" అంటాడు. ఈసారి గురులఘువులతో కాకుండా ఊనికలతో లెక్కపెట్టండి. పది అక్షరాలు, షేక్‌స్పియర్ నాటకాలలో వినిపించే పాదమే. 1844లో ఆర్. హెచ్. హోర్న్ అనే విమర్శకుడు ఆ నవలలోని వచనాన్ని పద్యపాదాలుగా విరిచి అచ్చువేసి చూపించాడు. మనసు బాగా కదిలినప్పుడు తెలియకుండానే అలా వచ్చేస్తుందని డికెన్స్ ఒప్పుకున్నాడు. 1885లో నవలాకారుడు స్టీవెన్‌సన్ గీత గీసినట్టు చెప్పాడు: వచనంలో లయ ఎంతైనా ఉండవచ్చు, ఛందస్సు మాత్రం కాకూడదు. చెవి తరవాతి దెబ్బను ముందే ఊహించగలిగితే వచనం చెడిందన్నట్టే.

దీనికి తలకిందులుగా ఇంకో ఉదంతం. విమర్శకుడు వాల్టర్ పేటర్ 1873 నాటి పుస్తకంలో మోనాలిసా చిత్రం మీద రాసిన వచన ఖండికను, కవి యేట్స్ 1936లో తాను కూర్చిన ఆధునిక పద్య సంకలనంలో పాదాలుగా విరిచి మొట్టమొదటి కవితగా వేశాడు. డికెన్స్‌ వచనాన్ని విరిచిన కత్తెరతోనే పేటర్‌కు కిరీటం చేశారు.

కామా

నా పొట్టి వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేనే చెబుతాను. హెమింగ్వే 1917లో పద్దెనిమిదేళ్ల వయసులో కాన్సాస్ సిటీ స్టార్ పత్రికలో చేరినప్పుడు, ఆ పత్రిక శైలి పత్రంలో మొదటి సూత్రం పొట్టి వాక్యాలు వాడండి అని. మా డెస్కు గోడ మీద ఆ సూత్రం ఇప్పటికీ అంటించి ఉంది. కాబట్టి ఆయన 1929 నాటి యుద్ధ నవల మొదటి పేరా పొట్టి వాక్యాలతో ఉంటుందని నేను ఎన్నోసార్లు అందరికీ చెప్పాను. ఈ చర్చ చదివాక తీసి చూసి సిగ్గుపడ్డాను. అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్ 1998లో ఆ పేరా మాటలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. 126 మాటలు, వాక్యాలు మాత్రం నాలుగే. 103 ఏకాక్షరాలు, మూడక్షరాల మాట ఒకే ఒక్కటి. "ది" 24 సార్లు, "అండ్" 15 సార్లు, కామాలు నాలుగు. పొట్టివి మాటలే కానీ వాక్యాలు కావు.

పాతపుస్తకాల అంగడి

ఆ 15 "అండ్"లు ఎవరివో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. ధూళి, ఆకులు, సైనికులు, ఖాళీ రోడ్డు, ఏదీ దేనికీ కారణం కాదు, ఏదీ దేని కింద తలవంచదు, పక్కపక్కనే నడిచిపోతుంటాయి. టిండేల్ కథనం నడిచిన తీరు అదే.

హెమింగ్వే సమకాలికురాలు, ఆంగ్ల నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్ 1926 మార్చి 16న ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో శైలి అన్నది చాలా తేలికైన సంగతి, అదంతా లయే అంది. ఏదో ఒక దృశ్యమో ఉద్వేగమో మనసులో ఒక అలను లేపుతుందట, ఆ అల ముందు వస్తుంది, దానికి తగిన మాటలు చాలాసేపటికి వస్తాయట. లయ ముందు, మాట వెనక.

ధ్వనిగ్రాహకం

నా అనుమానం పూర్తిగా పోలేదు కానీ, ఇంతసేపు విన్నాక ఒక మాట చెప్పగలను. లయ ఎక్కడైనా కొలవడానికి వీలుగా దొరుకుతుందంటే వాక్యాంతాలలోనే. నార్విచ్ గారు తాళం వేసినవన్నీ ముగింపులే. అనువాదశ్రమ గారూ, మీరు జాన్సన్ వాక్యం మధ్యలో కాకుండా ముక్కల చివర చూడండి. "ఎంజాయ్ ఇట్", "ఇంపార్ట్ ఇట్", "వాంట్ ఇట్". మొదటి రెండింటిలో తేలిక, దెబ్బ, తేలిక. మూడోదానిలో మొదటి తేలిక అక్షరం ఊడిపోయింది. ఇటువైపు "ఇన్‌డిఫరెంట్", "సాలిటరీ" నాలుగేసి అక్షరాలు, మూడోది "నోన్", ఒక్క అక్షరం. మూడో దెబ్బకు గదిలో ఇంకేమీ మిగలదు.

పాతపుస్తకాల అంగడి

"సాలిటరీ" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. జాన్సన్ భార్య 1752లో చనిపోయింది. ఆ పంచుకోలేకపోవడం అలంకారం కాదు. తూకం వేసిన మూడు ముక్కలలో నడిమిది మాత్రం నిజంగా ఒంటరి అయినవాడి మాట.

అనువాదశ్రమ

అందరికీ కృతజ్ఞతలు. నేను చేసిన పొరపాటు ఇప్పుడు కళ్లకు కడుతోంది. ఆంగ్లంలో మూడుసార్లు వచ్చిన "టిల్"ను వదలకూడదని మూడు "వరకు"లను పట్టుకుని వేలాడాను. అక్కడ "టిల్" ముక్కకు ముందు వస్తుంది, తేలికగా జారిపోతుంది. మన "వరకు" ముక్క చివర వచ్చి కూర్చుంటుంది, బలం పడవలసిన చోటునే ఆక్రమిస్తుంది. దానితో మూడు ముక్కలూ ఒకే బొంగురు గొంతుతో ముగిశాయి. టిండేల్ గురించి చదివాక సముచ్చయాలే తీసేసి పక్కపక్కన పెట్టి చూశాను:

"నా శ్రమ మీద తమరు చూపిన ఈ ఆదరణ ముందే వచ్చి ఉంటే దయ అనిపించుకునేది. ఆలస్యమైంది. ఆశ చచ్చింది, ఆనందించలేను. తోడు పోయింది, పంచుకోలేను. పేరు వచ్చింది, అక్కరలేదు."

యతిప్రాస

ఇది ఉత్తరం! ఒక్క సవరణ సూచిస్తాను. "ఆశ చచ్చింది" అన్నది "ఇన్‌డిఫరెంట్" కాదు, అది ఏడుపు. ఆయన ఏడవడం లేదు, చల్లబడ్డాడు. "మనసు విరిగింది" అంటే పాలు విరిగినట్టు, ఇక తోడుకోదు. పైగా మొదటి ముక్క కాస్త పొడుగవుతుంది. ఇంకో సంగతి గమనించారో లేదో, ముగింపుల అక్షరాలు లెక్కపెట్టండి: ఆనందించలేను ఆరు, పంచుకోలేను అయిదు. మూడోది "అక్కర్లేదు" అంటే నాలుగు. మెట్టు మెట్టుగా దిగుతోంది. మీరు "అక్కరలేదు" అని రాశారు కాబట్టి అయిదే అయింది, చివరి మెట్టు దిగలేదు.

కామా

అచ్చులో "అక్కర్లేదు" పెడితే మా డెస్కులో దిద్దేస్తారు. తమరు అంటూ మొదలుపెట్టిన ఉత్తరంలో చివర వాడుక రూపం కలవదు.

అనువాదశ్రమ

"మనసు విరిగింది" తీసుకున్నాను. చివరి మాట "అక్కరలేదు" అనే రాస్తాను, యతిప్రాస గారూ. గట్టిగా చదివి చూశాను, ఇంట్లోవాళ్ల చేత కూడా చదివించాను. కాగితం మీద అయిదక్షరాలున్నా ముగ్గురి నోటా నాలుగే వినిపించాయి.